నాలుగు అడుగులు, ఐదు బండలు

మన బ్యాచ్ సంచికకు ఏదైనా రాసి పంపమని గడియారం మూడుసార్లు ఫోన్ చేశాడు. (బడిలో పెట్టుకున్న పేర్లే రాస్తున్నాను: గడియారం, టవర్, ఇంజన్.) "రిటైరై ఇంట్లోనే ఉండావు కదప్పా, మిలటరీ సంగతులు రాయి" అన్నాడు. సరేనని కూర్చున్నాను. తీరా పెన్ను పట్టుకుంటే, నేను ట్రైనింగ్ చేసిన వెల్లింగ్టన్ పరేడ్ గ్రౌండ్ కంటే ముందు తాడిపత్రిలోని మన బడి వరండా కళ్ళముందుకొచ్చింది. ఆ నాపబండలు, వాటి మీద ఎన్‌సీసీ సార్ బూట్ల చప్పుడు. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మన 1995-96 పదో తరగతి వాళ్ళకు "నాలుగుకు ఐదు" అంటే చాలు. సార్ సుద్దముక్క తీసుకుని వరండాలో గీతలు గీసిన రోజు నేను మూడో వరసలో ఉన్నాను. బండ రెండడుగులు, అంటే 24 అంగుళాలు. పరేడ్‌లో అడుగు 30 అంగుళాలు. నాలుగు అడుగులు వేస్తే ఐదు బండలు దాటాలి, మడమ సరిగ్గా సందు మీద పడాలి. పడకపోతే అడుగు పొట్టిదైందో పొడుగైందో ఎవరికి వాళ్ళకే తెలిసిపోతుంది. సార్ నోరు తెరవాల్సిన పని లేదు. లెక్కల సార్ క్లాసు ఆపి కిటికీలోంచి చూస్తూ నిలబడడం మీకు గుర్తుండే ఉంటుంది. మా నాయన అప్పుడు బండల ఫ్యాక్టరీలో పాలిష్ పనికి పోయేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల దాకా తెల్లటి దుమ్ము ఉండేది. ఆయన లాంటి వాళ్ళు కోసిన బండల మీదే నేను నడక నేర్చుకున్నానని ఆ వయసులో నాకు తోచలేదు.

ఇక టవర్ సంగతి. టవర్, నిన్ను అడిగే రాస్తున్నాను, సరేనన్నావు.

పంద్రాగస్టుకు ఇంకా పది రోజులుంది. పొడుగు కాబట్టి టవరే రైట్ మార్కర్. అందరూ వాణ్ణి చూసే వరస పట్టాలి. వాడికేమో కుడికాలుతో కుడిచెయ్యి, ఎడమకాలుతో ఎడమచెయ్యి లేస్తోంది. సార్ రెండుసార్లు చెప్పారు, మూడోసారి చేసి చూపించారు. చెప్పేకొద్దీ ఇంకా బిగుసుకుపోయాడు. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. టవర్ ముఖం చూస్తే ఏడుపు ఒక్క మెట్టు దూరంలో ఉంది. వేరే ఎవరైనా అయితే వాణ్ణి తీసేసి పక్కవాణ్ణి మార్కర్‌గా పెట్టేవాళ్ళు. పరేడ్ చూడ్డానికి ఊరి పెద్దలొస్తారు, బడి పరువు అనే మాట ఉండనే ఉంది.

సార్ మాకందరికీ విశ్రామ్ చెప్పారు. టవర్‌ను పిలిచి, "పోయి బంకులో పదకొండు టీలు చెప్పిరా" అన్నారు. వాడు గ్రౌండు దాటి వేపచెట్టు వైపు నడిచాడు. అప్పుడు సార్ మావైపు తిరిగారు. "వాని చేతులు చూడండి."

చూశాం. కుడికాలుకు ఎడమచెయ్యి, ఎడమకాలుకు కుడిచెయ్యి. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

"వానికి నడక రాక కాదప్పా. నేను చూస్తాండానని మర్చిపోతాండాడు" అన్నారు సార్. తిరిగొచ్చేటప్పుడు ఎదురెళ్ళి వాడి పక్కనే నడవడం మొదలుపెట్టారు. మీ ఎనుము ఈనిందా, పాలెన్ని ఇస్తాంది అని అడుగుతున్నారు. టవర్ జవాబు చెబుతూ నడుస్తున్నాడు. సార్ అడుగు కొంచెం పెంచారు, వాడూ పెంచాడు. ఎనుము ముచ్చట మధ్యలోనే సన్నగా "ఎడమ, కుడి, ఎడమ" కలిసింది. జెండా దిమ్మె దగ్గరికొచ్చేసరికి టవర్ ఛాతీ పైకెత్తి, పిడికిళ్ళు బిగించి, నిజం పరేడ్ చేస్తున్నాడు. వాడికే ఆ సంగతి తెలియలేదు. మాలో ఒక్కరం కూడా నవ్వలేదు. పంద్రాగస్టు పొద్దున వాడే రైట్ మార్కర్. పరేడ్ అయ్యాక ఉగ్గాని, బజ్జీలు వాడికే ముందు పెట్టారు.

ఇంటర్ గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. 1998లో భర్తీకి పోయాను. మైలు పరుగు, తొమ్మిదడుగుల గుంత దూకడం, పుల్లప్స్. బుగ్గ రామలింగేశ్వరుని గుడి నుంచి పెన్నా ఇసుకలో సార్ మనల్ని పరుగెత్తించిన ఆదివారాలు ఆ రోజు పనికొచ్చాయి. ఇసుకలో పరుగెత్తిన కాళ్ళకు గట్టినేల మీద పరుగు ఒక లెక్క కాదు. మద్రాస్ రెజిమెంట్‌కు ఎంపికయ్యాను. 1758లో మొదలైన రెజిమెంట్, టోపీ మీద ఏనుగు గుర్తు. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లోని శ్రీనగేష్ బ్యారక్స్‌లో ట్రైనింగ్. మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకునే ఊరు ఒకటుంటుందని తాడిపత్రి వాడికి చెబితే నమ్మడు. హిందీ రాదు. తమిళం, మలయాళం, కన్నడం పిల్లల మధ్య తెలుగోళ్ళం ఒక మూల. కానీ పరేడ్ గ్రౌండులో మొదటి రోజు ఉస్తాద్, అంటే మాకు డ్రిల్ నేర్పేవాడు, 30 అంగుళాల అడుగు అన్నప్పుడు నాకు భాష అక్కర్లేకపోయింది. కాళ్ళ కింద మన వరండా కనిపించింది.

బెటాలియన్‌లో గడిపిన ఏళ్ళ గురించి ఇక్కడ రాయను, కలిసినప్పుడు చెబుతాను. ఉస్తాద్‌ను ఎలా అయ్యానో మాత్రం రాయాలి. ఇంజన్ నన్నెప్పుడూ అదే అడుగుతుంటాడు.

రంగ్రూట్లకు, అంటే కొత్తగా చేరిన పిల్లలకు, నేర్పే పని అడిగితే ఇచ్చేది కాదు. పంపే ముందు మనిషి మొత్తాన్ని తూకం వేస్తారు. మెడికల్‌లో షేప్ వన్, అంటే పూర్తి ఫిట్‌గా ఉండాలి, సర్వీసు కాగితాల్లో రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే పెద్ద శిక్ష పడిన గుర్తు, ఉండకూడదు, ఫైరింగ్ బాగుండాలి, కోర్సులో ఇన్‌స్ట్రక్టర్ గ్రేడింగ్ రావాలి. కోర్సు పాసయితే సరిపోదు, "ఇతను ఇంకొకరికి నేర్పగలడు" అని వాళ్ళు రాసివ్వాలి. బెల్గాంలో చేసిన మొదటి కోర్సులో పాసయ్యాను కానీ ఆ గ్రేడింగ్ రాలేదు. నా గొంతు స్క్వాడ్ చివరిదాకా చేరలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మళ్ళీ అవకాశం రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ పొద్దున్నే గ్రౌండుకు ఈ చివర నేను, ఆ చివర ఇంకో నాయక్. ఒకరికొకరం కమాండ్ ఇచ్చుకునేవాళ్ళం. కమాండ్‌కు రెండు ముక్కలుంటాయి. "తేజ్ చల్" అంటే క్విక్ మార్చ్. "తేజ్" సాగదీయాలి, అది వినేవాణ్ణి సిద్ధం చేసేది. "చల్" కొరడాలా తెగాలి, అది కదిలించేది. గొంతులోంచి అరిస్తే వారంలో గొంతు పోతుంది. పొట్టలోంచి రావాలి. ఏ కాలు నేల మీద ఉన్నప్పుడు మాట పడాలో తెలియకపోతే 30 మంది చెదిరిపోతారు. తప్పు మాత్రం వాళ్ళది కాదు.

రెండోసారి గ్రేడింగ్ వచ్చింది. తర్వాత అసలు పరీక్ష. పదిమంది జవాన్లను ముందు నిలబెట్టి తేజ్ చల్ పాఠం చెప్పమన్నారు. ముందు బయాన్, అంటే నోటితో వివరించడం, తర్వాత నమూనా, అంటే చేసి చూపించడం, ఆ తర్వాతే వాళ్ళతో చేయించడం. నమూనా నేనే చేశాను, మూడుసార్లు, మొదట మెల్లగా, తర్వాత గిన్తీతో, అంటే అంకెలు పలుకుతూ, తర్వాత పూర్తి వేగంతో నిమిషానికి 120 అడుగులు. సుబేదార్ మేజర్ సాబ్ చివర్లో ఒక్క మాటన్నారు. "గొంతు ఇంకా రావాలి. కానీ స్క్వాడ్ కళ్ళు నీ మీదే ఉన్నాయి." వారం తర్వాత లిస్టులో నా నంబరు కనిపించింది. ముందు ఇంటికి ఫోన్ చేశాను, వెంటనే సార్‌కు చేశాను.

2008లో హవల్దార్‌గా, అడుగు కొలిచే పేస్ స్టిక్ పట్టుకుని మళ్ళీ అదే వెల్లింగ్టన్‌లో దిగాను. నా మొదటి స్క్వాడ్ అప్పుడప్పుడే లైను పట్టడం నేర్చుకుంటోంది. ఆ జూన్ 27న ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా అక్కడి మిలటరీ ఆస్పత్రిలోనే కన్నుమూశారు. ఆ సాయంత్రం బ్యారక్‌లో పిల్లలకు 1971 యుద్ధం గురించి నాకు తెలిసినంత చెప్పాను. సగం మందికి నా హిందీ అర్థం కాలేదు, అయినా ఎవరూ కదల్లేదు.

ఆ స్క్వాడ్‌లోనే కదిరి వైపు పిల్లోడొకడు ఉన్నాడు. పుట్టెడు బలం, మంచి పరుగు. పరేడ్‌లో మాత్రం కుడికాలుతో కుడిచెయ్యి. పదిహేను రోజులైనా మారలేదు. రాత్రుళ్ళు రజాయి కింద ఏడుస్తున్నాడని పక్క మంచం వాడు చెప్పాడు. రగడా, అంటే ఒళ్ళు హూనమయ్యే శిక్ష, ఇస్తే దారికొస్తాడని తోటి ఉస్తాదులన్నారు. ఫ్రంట్ రోల్స్ చేయించడానికి నాకు ఒక్క మాట చాలు, అధికారం నా చేతిలోనే ఉంది.

"లంగర్‌కు పోయి టీ చెప్పిరాపో నాయనా" అన్నాను తెలుగులో. లంగర్ అంటే మా వంటశాల.

వాడు బిత్తరపోయి చూసి, నడిచాడు. చేతులు చక్కగా ఆడుతున్నాయి. తిరిగొచ్చేటప్పుడు ఎదురెళ్ళాను. ఏం పంటేశారు ఈ ఏడు అనడిగాను. శెనక్కాయ సార్, వాన ల్యాకపాయె అన్నాడు. తర్వాత ఏం జరిగిందో మీకు వేరే చెప్పాలా.

కసం పరేడ్ రోజు వాళ్ళమ్మ వచ్చింది, రెండు రోజులు ప్రయాణం చేసి. గీత, ఖురాన్, బైబిల్ ముందు పిల్లలంతా ప్రమాణం చేసి కవాతు చేస్తుంటే ఆమె వెతుకుతూనే ఉంది. పరేడ్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "మా పిల్లోడు ఏడి నాయనా?" అంది. వాడు ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

దాదాపు మూడేళ్ళలో ఐదు స్క్వాడ్‌లు నా చేతుల మీదుగా పోయాయి. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు వాళ్ళే ఉస్తాదులు. పండగకు ఫోన్లు చేస్తారు. నేను 2024లో నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యాను. అమ్మాయి నర్సింగ్ చదివి ఉద్యోగంలో చేరింది. పుట్లూరు రోడ్డులో చిన్న ఇల్లు కట్టుకున్నాం. వరండాకు టైల్స్ వద్దని చెప్పి నాపబండలే వేయించాను, రెండడుగులవి.

ఊరికొచ్చిన నెలలోనే సార్ ఇంటికి పోయాను. బయట కుర్చీలో కూర్చున్నారు. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. ఎన్ని మెడల్స్ వచ్చాయని, పెన్షన్ ఎంతని అడగలేదు.

"పిల్లోల్ని కొట్టినావా?"

"ఒక్కణ్ణి కూడా కొట్టలేదు సార్."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వీధి చివర బంకు వైపు చెయ్యి చూపించి, "పోయి రెండు టీలు చెప్పిరా" అన్నారు.

లేచి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన నా చేతులు చూస్తున్నారని నాకు తెలుసు.