వాల్వు హోల్డరు కొనే ముందు

పోయిన వర్షాకాలంలో నా యాంప్లిఫయర్ ఎడమ చానల్‌లో చిటపటలు మొదలయ్యాయి. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీది గదిలో కూర్చుని నా చేతులతో నేనే కట్టుకున్న యాంప్లిఫయర్ అది. ట్రాన్సిస్టర్లతో కాదు, లోపల ఎర్రగా వెలిగే గాజు గొట్టాలతో, అంటే వాల్వులతో నడుస్తుంది. ఒక్కో చానల్‌కు ఒక ఈఎల్34 పవర్ వాల్వు, దాని ముందు ఒక చిన్న వాల్వు 12ఏఎక్స్7. వాల్వు పోయిందేమోనని కుడివైపుది ఎడమకు మార్చాను. చిటపట ఎడమవైపే ఉండిపోయింది. కండెన్సర్లు, రెసిస్టర్లు వెతుకుతూ రెండు ఆదివారాలు గడిచిపోయాయి.

మూడో ఆదివారం గదిలో దీపం ఆర్పి, చెక్క పుల్లతో వాల్వును కొద్దిగా కదిపాను. లోపలి ఎర్రటి వెలుగు మసకబారి, మళ్లీ వచ్చింది. ప్లగ్గు తీసి, కండెన్సర్లలో మిగిలిన కరెంటు పూర్తిగా దిగిందని మీటరుతో చూసుకున్నాకే ఛాసిస్‌ను, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు పెట్టెను, తిరగేశాను. వాల్వు పిన్నులు గుచ్చే హోల్డరులో, రెండో పిన్నును పట్టే రేకు వదులై, గోధుమరంగుకు తిరిగింది. దాని పక్కన హోల్డరు బేకలైటు (గట్టి ప్లాస్టిక్) మీద మూడో పిన్ను వైపు వెంట్రుకంత సన్నని నల్లటి గీత.

రెండో పిన్ను ఫిలమెంటుది, అంటే వాల్వును లోపల వేడిచేసే తీగది. ఈఎల్34 ఫిలమెంటు 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు తీసుకుంటుంది. రేకు పట్టు సడలి అక్కడ 0.1 ఓం నిరోధం వచ్చినా, ఆ చిన్న చోటే దాదాపు పావు వాట్ వేడి పుడుతుంది. ఆ వేడికి రేకు స్ప్రింగు గుణం ఇంకా పోతుంది, పట్టు ఇంకా సడలుతుంది. మూడో పిన్ను ప్లేటుది, అక్కడ వందల వోల్టులు ఉంటాయి. బేకలైటు ఒకసారి మాడి బొగ్గయితే ఆ గీత వెంట కరెంటు పారుతుంది. గీకి శుభ్రం చేసినా దాన్ని నమ్మలేం, మార్చవలసిందే.

పింగాణీ హోల్డరుకు ఆ బెడద లేదు, అది మాడి బొగ్గు కాదు. అందుకే పవర్ వాల్వులకు నేనిప్పుడు పింగాణీయే వాడుతున్నాను. అయితే పింగాణీ అయినంత మాత్రాన మంచిదనుకోకండి. తెల్లగా మెరిసే హోల్డరులో పల్చటి రేకులు పెట్టి అమ్మేవాళ్లున్నారు. బంగారు పూత చూసి నేనూ ఒకసారి మోసపోయాను. పూత తుప్పును ఆపుతుంది, పట్టును ఇవ్వదు. పట్టు లోపలి లోహానిది, అది ఫాస్ఫర్ బ్రాంజ్ లేదా బెరీలియం కాపర్ అయి ఉండాలి. వెండి పూత మన గాలికి నల్లబడుతుంది కానీ వాల్వును రెండు మూడుసార్లు తీసి పెడితే రాపిడికే చాలావరకు తేటపడుతుంది.

మా నాన్నగారు అరండల్‌పేటలో రేడియోలు బాగుచేసేవారు. విజయవాడ కేంద్రం వార్తలు వినడానికి జనం వాల్వు రేడియోలు మోసుకొచ్చే రోజులవి. హోల్డరు చేతికి రాగానే ఆయన పాడైన వాల్వు నుంచి ఊడదీసిన ఒక్క పిన్నును ఒక్కో రంధ్రంలో పెట్టి, హోల్డరును తలకిందులు చేసేవారు. పిన్ను జారి పడిందా, ఆ హోల్డరు పక్కకు. "ఎనిమిదీ చూడరా, ఏడు బాగుంటే చాలదు" అనేవారు. నేనూ అదే చేస్తున్నాను. తొమ్మిది పిన్నుల చిన్న హోల్డరుకైతే 1 మిల్లీమీటరు డ్రిల్లు బిట్టు వెనుక కాడ సరిగ్గా సరిపోతుంది, ఆ వాల్వుల పిన్నుల లావు ఇంచుమించు అంతే.

చిన్న హోల్డరుకు టంకం పెట్టేటప్పుడు పాడైన వాల్వు ఒకటి అందులో గుచ్చి ఉంచండి. లేకపోతే రేకులు వంకరగా బిగుసుకుపోయి, తర్వాత అసలు వాల్వు పెట్టినప్పుడు పిన్నుల మొదట్లో గాజు పగులుతుంది. టంకం ఎక్కువ పోస్తే రేకు లోపలికి పాకి స్ప్రింగునే బిగదీస్తుంది. పింగాణీని ఛాసిస్‌కు బిగించేటప్పుడు ఫైబర్ వాషర్ వేయండి, స్క్రూ మరీ తిప్పితే పుటుక్కుమంటుంది.

ఎడమవైపు కొత్త హోల్డరు వేసి నాలుగు వారాలైంది. వాల్వు దిగడానికి రెండు చేతులూ వాడవలసి వచ్చింది, అప్పుడే మనసు కుదుటపడింది. చిటపట మళ్లీ వినబడలేదు. కుడివైపుది కూడా బేకలైటే, వచ్చే ఆదివారం దాన్నీ తీసేస్తాను.