పాప గోరు కంటికి తగిలాక

పసిబిడ్డ తన బుగ్గ గీరుకుందనో, ముక్కు రక్కుకుందనో తల్లులందరం చెప్పుకుంటూనే ఉంటాం. ఎత్తుకున్న మనిషి కంటికి ఆ గోరు తగిలితే ఏమవుతుందో మాత్రం నాకెవరూ చెప్పలేదు. పసిగోరు పట్టుకుంటే మెత్తగా వంగుతుంది. కానీ చాలా పల్చన కాబట్టి దాని అంచు బ్లేడులా కోస్తుంది.

అప్పుడు మా పాపకు ఆరో నెల. పాలు తాగుతూ చెయ్యి పైకి చాచి నా ముఖమంతా తడమడం దానికి అలవాటు. ముక్కుపుడక పట్టుకుంటుంది, పెదవి లాగుతుంది, నవ్వుతుంది. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో ఓ మధ్యాహ్నం అలాగే తాగుతూ తాగుతూ చెయ్యి విసిరింది. చూపుడువేలి గోరు నా కుడి కంటి నల్లగుడ్డు మీదుగా గీసుకుంటూ పోయింది. రెప్ప వేసే టైం కూడా లేదు.

ప్రసవం నొప్పులు పడ్డదాన్నే, ఈ నొప్పికి మాత్రం కూర్చోలేకపోయాను. నీళ్లు ధారగా కారుతున్నాయి. కన్ను తెరిస్తే వెలుతురు గుచ్చుకుంటోంది, మూస్తే రెప్ప కింద పెద్ద నలుసేదో దొర్లుతోంది. బాగున్న కంటితో పాపను చూద్దామన్నా, అది కదిలినప్పుడల్లా దెబ్బ తగిలిన కన్నూ కదిలి ప్రాణం పోతోంది. పాపకేమో పాలు మధ్యలో ఆగిపోయాయని ఏడుపు.

మా అత్తమ్మది పుత్తూరు దగ్గర పల్లె. "రెండు చుక్కలు చనుబాలు పిండుకో అమ్మీ కంట్లో, సల్లగా ఉంటాది" అనింది. పెరట్లో నందివర్ధనం పూలు కోసుకొచ్చి కంటి మీద పెట్టబోయింది. ఆమె ప్రేమంతా అందులోనే ఉంది, నాకు తెలుసు. "ఇప్పుడేమీ వద్దత్తా, ముందు డాక్టరు చూడనీ" అని చెయ్యి పట్టుకుని చెప్పాను. మా ఆయన మెడికల్ షాపులో చుక్కల మందు అడిగి తెస్తానన్నాడు. ఆ నొప్పి చూస్తే షాపుతో తేలే వ్యవహారంలా అనిపించలేదు. చున్నీ కళ్ల మీద కప్పుకుని, ఆ ఎండలో ఆటోలో నేరుగా కంటి ఆసుపత్రికే పోయాం.

డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఇంట్లో ఏమైనా వేశారా? షాపులో కొని వేశారా?" ఏమీ వెయ్యలేదంటే ఆవిడ ముఖం తేటపడింది. ఎందుకో తర్వాత చెప్పింది. చనుబాలలోనూ సూక్ష్మజీవులుంటాయి, పై పొర లేచిపోయిన కంట్లో అవి సులువుగా పాతుకుంటాయి. పూలు, ఆకుల రసాలతో ఫంగస్ చేరవచ్చు. పొలంలో వరి ఆకు గీరుకున్న కళ్లు తరచూ ఆ ఫంగస్‌తోనే పాడవుతాయట. ఇక ఎర్రకన్నుకని షాపుల్లో ఇచ్చే చుక్కల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూ పోతుంది.

ముందు మత్తు చుక్క ఒకటి వేశారు. కాసేపటికే నొప్పి మాయం. అంతసేపటి తర్వాత మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను. "ఇదే రాసివ్వండి డాక్టరమ్మా" అని బతిమాలాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పరీక్ష కోసం తప్ప దాన్ని ఇంటికి ఇవ్వకూడదట. మాటిమాటికీ వేసుకుంటే నొప్పి తెలియదు గానీ గాయం మానదు, నల్లగుడ్డే దెబ్బతింటుంది.

తర్వాత నారింజ రంగు మందున్న చిన్న కాగితపు ముక్కను కంటికి తాకించి, గడ్డం మిషన్‌కి ఆనించమని నీలం లైటు వేశారు. పై పొర ఎక్కడ లేచిపోయిందో అక్కడ ఆ మందు ఆకుపచ్చగా వెలుగుతుంది. కంప్యూటర్ తెర మీద మా ఆయనకూ చూపించారు. నల్లగుడ్డు మధ్యకు కొంచెం కింద, వంపు తిరిగిన సన్నటి పచ్చ గీత. అచ్చంగా పాప గోరంత వెడల్పు. అది చూసి ఆయన నోట మాట రాలేదు.

నల్లగుడ్డు మీదుండే అద్దం లాంటి భాగం పేరు కార్నియా. మధ్యలో దాని మందం దాదాపు అర మిల్లీమీటరే. నొప్పి తెలిపే నరాల కొసలు అక్కడున్నంత దట్టంగా ఒంట్లో మరోచోట ఉండటం అరుదు. అందుకే ఇంత చిన్న గీతకు అంత బాధ. అదృష్టం ఏమిటంటే, పై పొర మళ్లీ త్వరగా అల్లుకుంటుంది, చిన్న గాయమైతే ఒకటి నుంచి మూడు రోజుల్లో మూసుకుంటుంది. నాకు యాంటీబయాటిక్ చుక్కలు, కన్ను తడిగా ఉంచే చుక్కలు రాశారు. కట్టు కడతారనుకున్నాను, కట్టలేదు. గోరు గాయానికి కన్ను మూసేసి కడితే లోపల ఇన్ఫెక్షన్ పెరిగే ప్రమాదం ఉందట. పాలిచ్చే తల్లినని అడిగితే, ఇవ్వొచ్చు అన్నారు. చుక్క వేశాక కంటి లోపలి మూలను, ముక్కు పక్కన, వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి, ఒంట్లోకి పోవడం తగ్గుతుందని చూపించారు.

చెప్పినట్టే కన్ను మానింది. చూపు బాగుంది. అంతటితో అయిపోయిందనే అనుకున్నాం.

కొన్ని వారాల తర్వాత ఒక తెల్లవారుజామున పాప ఏడుపుకి గబుక్కున కళ్లు తెరిచాను. అదే నొప్పి, అదే కన్ను, అదే చోటు. ఎవరూ తాకలేదు, ఏమీ తగల్లేదు. ఆ పొద్దు నాకు వచ్చిన టెన్షన్ మొదటి రోజు కూడా రాలేదు. కన్ను పోతుందేమో అనే అనుకున్నాను.

మళ్లీ చూసి డాక్టరమ్మ చెప్పిన సంగతే నేను అందరికీ చెప్పాలనుకునేది. గోరు చేసిన గాయం పైకి మానినా, కొత్త పొర కింది పొరకు గట్టిగా అతుక్కోవడానికి నెలలు పడుతుంది. నిద్రలో కన్ను ఆరిపోయి రెప్ప ఆ పొరకు అంటుకుంటుంది, తెరవగానే పొరను లాగేస్తుంది. తెల్లవారి లేచేటప్పుడే రావడం దీని గుర్తు. గోరు, కాగితం అంచు లాంటివి చేసిన గాయాల తర్వాత ఇలా తిరగబెట్టడం డాక్టర్లు తరచూ చూసేదేనట. ఈసారి చుక్కలతో పాటు పడుకునే ముందు కంట్లో పెట్టుకునే ఆయింట్‌మెంట్ ఇచ్చి, బాగుందనిపించినా ఆపకుండా కొన్ని నెలలు వాడమన్నారు. లేవగానే కళ్లు తెరవకుండా, మూసిన రెప్పల కింద గుడ్డును మెల్లగా అటూ ఇటూ తిప్పి ఆ తర్వాత తెరవడం నేర్పించారు. అవసరమైతే కంటి మీద మెత్తటి లెన్స్ పెట్టే పద్ధతీ ఉందన్నారు, నాకు ఆ అవసరం రాలేదు.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. పాప చెయ్యి పైకి లేస్తే చాలు, నా తల వెనక్కి పోయేది. అది ముఖం తడమబోతే నేను తప్పుకోవడం దానికి తెలిసేదో ఏమో, చెయ్యి గాల్లోనే పెట్టుకుని నన్నే చూసేది. ఆ భయం గోళ్ల దగ్గరే పోవాలని పట్టుబట్టాను.

గోళ్లు అంతకుముందూ తీసేదాన్నే. ఇప్పుడు తీసే తీరు మారింది. స్నానం చేయించి, పాలు తాగి పాప గాఢంగా నిద్రపోయాక, కిటికీ పక్కన వెలుతురులో కూర్చుంటాను. వేలి కొనమీది కండను కిందికి నొక్కితే గోరు విడిగా తెలుస్తుంది. పిల్లల నెయిల్ కట్టర్‌తో వేలి వంపునే తీస్తాను, మరీ లోతుకి పోను. కత్తిరించగానే రెండు మూలల్లో కంటికి కనిపించని మొన మిగులుతుంది, గీరేది అదే. మెత్తటి ఫైల్‌తో ఒకే వైపుకి రుద్ది, ప్రతి గోరూ నా మణికట్టు లోపలి చర్మం మీద గీసి చూసుకుంటాను. ఎక్కడా పట్టకపోతేనే తర్వాతి వేలు. చేతి గోళ్లు వారానికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు. కాలి గోళ్లు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి అప్పుడప్పుడు చాలు, వాటిని అడ్డంగా తిన్నగానే తియ్యాలి. పొరపాటున చర్మం తెగితే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. ప్లాస్టర్ మాత్రం వెయ్యకూడదు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడుతుంది. నోటితో కొరకడమూ వద్దు, మన నోట్లో సూక్ష్మజీవులు వాళ్ల వేలికి చేరతాయి.

తిరుమలలో పుట్టువెంట్రుకలు తీసేదాకా గోళ్లకు ఇనుము తాకించకూడదని అత్తమ్మ మాట. ఫైల్ ఇనుము కాదు కదత్తా అంటే ఒప్పుకుంది. నా కన్ను తిరగబెట్టాక, కట్టర్ కూడా ఆమే తెచ్చి ఇస్తోంది.

ఇలా కంటికి గోరు తగిలినవాళ్లు నలపకండి, అదే రోజు చూపించుకోండి. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపించినా, మందులు వేస్తున్నా నొప్పి పెరుగుతున్నా ఇంకో పూట కూడా ఆగొద్దు. నాకు రాత్రి ఆయింట్‌మెంట్ ఇంకా నడుస్తోంది. తెల్లవారుజాము నొప్పి మళ్లీ రాలేదు. పాప ముక్కుపుడక లాగుతున్నా ఇప్పుడు తల పక్కకు తిప్పుకోవడం లేదు.