మూల పట్టుకుని లాగితే

డిసెంబరు సెలవులకు జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి వచ్చినప్పుడల్లా గాజువాకలో మా మేడ మీద రెండు వారాలు కంప్యూటర్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగు పాఠం చెబుతాను. వచ్చేది పాలిటెక్నిక్ విద్యార్థులు, ఈసారి ఏడుగురు. ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి దాంతోనే నేర్పుతాను.

మొదటి రోజు ఒకటే పని: 200 మి.మీ. పొడవు, 120 మి.మీ. వెడల్పు ఉన్న ప్లేటు, నాలుగు మూలల దగ్గర నాలుగు బోల్టు రంధ్రాలు. పది నిమిషాల్లో అందరూ గీసేశారు. నేను ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, మౌస్‌తో ప్లేటు మూల పట్టుకుని లాగాను. కొందరి ప్లేటు వంకరపోయింది, కొందరిది సాగింది. అందరి రంధ్రాలూ ఉన్నచోటే ఉండిపోయాయి.

ఉద్యోగంలో చేరిన మూడో వారంలో నా డ్రాయింగునూ ఒక సీనియర్ ఇలాగే లాగి చూశారు. కోప్పడలేదు. ‘ఈ గీత ఇక్కడే ఎందుకుంది?’ అని మాత్రం అడిగారు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, జవాబు మాత్రం నా దగ్గర లేదు. ఏ బటన్ నొక్కితే ఏ గీత వస్తుందో నేర్చుకుని వెళ్లాను తప్ప, గీత దేన్ని ఆధారం చేసుకుని నిలబడాలో నాకెవరూ చెప్పలేదు. అంత దూరం వెళ్లాక ఆ లోటు తెలియడం నన్ను చాలా బాధపెట్టింది. మా ఊరి పిల్లలకు ఇక్కడే తెలియాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది.

అందుకే రెండో రోజు మౌస్ ముట్టనివ్వను, లెక్క పెట్టిస్తాను. దీర్ఘచతురస్రానికి నాలుగు మూలలు. ఒక్కోటి అడ్డంగానూ నిలువుగానూ కదలగలదు, అంటే మొత్తం ఎనిమిది స్వేచ్ఛలు. రెండు గీతలు అడ్డంగా, రెండు నిలువుగా ఉండాలంటే నాలుగు పోతాయి. పొడవు, వెడల్పు చెబితే ఇంకో రెండు. ప్లేటు మధ్యబిందువును అక్షాలు కలిసే మూలబిందువు మీద నిలిపితే మిగిలిన రెండూ తీరిపోతాయి. అప్పుడు ఇక ఏదీ కదలదని చెప్పడానికి, తెల్లగా ఉన్న గీతలు ఆకుపచ్చగా మారతాయి. ఇలా గీతలకు కట్టుబాట్లు పెట్టవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ 1963లోనే అమెరికాలోని ఎమ్‌ఐటీలో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాంతో చూపించారంటే పిల్లలు ఆశ్చర్యపోయారు.

ఒకబ్బాయి నాలుగు మూలలకూ, నాలుగు రంధ్రాలకూ లాక్ పెట్టేశాడు, అంటే ఒక్కోదాన్ని విడివిడి సంఖ్యలతో ఉన్నచోటే కట్టేశాడు. ‘అంతా పచ్చబడింది సార్!’ అన్నాడు. నిజమే, ఏదీ కదలదు. ‘పొడవు 240 చేయి’ అన్నాను. రెండు మూలల సంఖ్యలు మార్చాడు, తర్వాత రెండు రంధ్రాలవి వెతికి మార్చాడు. పక్కనున్న అమ్మాయి రంధ్రాలను మధ్యగీతలకు అటూ ఇటూ సమంగా ఉంచి, అంచు నుంచి 20 అని ఒక్కచోట చెప్పింది. ఆమె ఒకే సంఖ్య మార్చింది, రంధ్రాలు అంచుతోపాటే జరిగాయి. అబ్బాయి తన లాక్‌లన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాడు. నేను చెప్పకముందే.

మా నాన్న ఇక్కడి షిప్‌యార్డులో ఫిట్టర్. ప్లేటు మీద ముందు మధ్యగీత గీసి, సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టి, మిగతాదంతా అక్కడి నుంచే కొలిచేవారు. అంచు నుంచి ఎందుకు కొలవరని చిన్నప్పుడు అడిగాను. ‘అంచు కోతలో తేడా వస్తుంది రా. మధ్యగీత మనం గీసుకున్నది’ అన్నారు. స్టుట్‌గార్ట్‌లో నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు నాకది గుర్తు రాలేదు.

చివరి రోజు మోటారు బిగించే బ్రాకెట్ ఇచ్చాను. ఆ అమ్మాయి స్కెచ్‌లో అంతా ఆకుపచ్చ, బోల్టు జరిపే పొడవాటి గాడి ఒక్కటే తెల్లగా మిగిలింది. చివర పట్టుకుని లాగాను. సాగింది.

‘ఇది ఎందుకు వదిలేశావమ్మా?’

‘ఏ మోటారో మీరు ఇంకా చెప్పలేదు కదా సార్. తెలియని కొలత నేనెలా పెట్టను?’