గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటక బోటు మునిగిన నాటి నుంచి, ఉక్కపోతకు తాళలేక లైఫ్ జాకెట్ విప్పేసేవారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది. మెడ చుట్టూ సన్నని పట్టీలా ఉండి, నీటిలో పడగానే ఉబ్బే జాకెట్ ఆ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. అందులోని చిన్న బిళ్ల నీటికి కరగగానే స్ప్రింగు విడుదలై, సూది కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను పొడుస్తుంది. సాధారణంగా 33 గ్రాముల ఆ వాయువు క్షణాల్లో 150 న్యూటన్ల ఉత్ప్లవన బలాన్ని, అంటే మనిషిని నీటిపై తేల్చే బలాన్ని, ఇస్తుంది. జాకెట్ ఇలా దానంతటదే ఉబ్బకపోతే తాడు లాగాలి, అదీ కాకపోతే గొట్టంలో నోటితో ఊదాలి. ఈత రాని చిన్నపిల్లలకు మాత్రం, ఏ యంత్రాంగం మీదా ఆధారపడని ఫోమ్ జాకెట్టే తొడగాలని నా గట్టి అభిప్రాయం. నేను ప్రతి ప్రయాణానికి ముందు సిలిండర్ బిగువును, బిళ్ల గడువు తేదీని తప్పక చూసుకుంటాను. ఒకసారి వాడిన సిలిండర్ మళ్లీ పనికిరాదు.