విశాఖలో వెయ్యి పాయింట్ల సైన్యం

వేలెడంత కూడా లేని అస్థిపంజరాల సైన్యాన్ని తయారు చేసుకుని, చేతులారా రంగులద్ది, బల్ల మీద వరుసలు తీర్చి, ఎదుటివారి సైన్యంతో నియమం ప్రకారం యుద్ధం ఆడాలని నాకు చాలాకాలంగా కోరిక. విశాఖపట్నంలో ఉంటూ ఆ కోరిక తీర్చుకోవడానికి ఏమేం చేయాలో ముందుగా చెప్పినవారు ఎవరూ లేరు. ఈ ఆట మీద మనసుపడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ళు మన ఊళ్ళలో కొందరైనా ఉంటారు. వాళ్ళకోసమే ఇది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల. దాని మీద గుట్టలు, చెట్లు, పాడుబడ్డ గోడలు. చెరో వైపు చెరో సైన్యం. చదరంగంలో మాదిరి గళ్ళు ఉండవు కాబట్టి ఏ దళం ఎంత దూరం నడిచిందో టేపు పెట్టి అంగుళాల్లో కొలవాలి. దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. దళం బలాన్ని బట్టి దానికి పాయింట్లు ఉంటాయి. ఇద్దరూ ఒకే మొత్తానికి సైన్యాలు కూర్చుకుని దిగుతారు. మనిషి బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. ఆ కాస్త బొమ్మకు పళ్ళు, గోళ్ళు, కత్తి పిడికి చుట్టిన తోలు పట్టీ కూడా ఉంటాయి. నన్ను మొదట కట్టిపడేసింది ఆ పనితనమే.

అందరూ ముందు బొమ్మలు కొనడం గురించి అడుగుతారు. అంతకంటే ముందు ఏ నియమాలతో ఆడాలో తేల్చుకోవాలని నేనంటాను. దానికి ఈ ఆట నడిచివచ్చిన దారి కొంత తెలియాలి. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ తెచ్చిన ‘చైన్‌మెయిల్’ నియమాల చివర మాంత్రికులకూ డ్రాగన్లకూ ఒక అనుబంధం చేర్చారు. 1983లో ఇంగ్లండుకు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ ‘వార్‌హామర్’ విడుదల చేసింది. ఆ తరువాత మూడు దశాబ్దాలు ఊహాలోకపు సైన్యాల ఆట అనగానే చాలామందికి అదే గుర్తొచ్చేది. నియమాలు వాళ్ళవి, బొమ్మలు వాళ్ళవి, కథ వాళ్ళది. 2015లో ఆ సంస్థ ఆ లోకాన్ని కథలోనే నాశనం చేసి, దాని స్థానంలో ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ తెచ్చింది. చదరపు పీఠాల మీద బారులు తీరే దళాలు పోయి, గుండ్రటి పీఠాల మీద విడివిడిగా తిరిగే వీరులు వచ్చారు. ఏళ్ళ తరబడి ఒక్కో సైనికుడికీ రంగు వేసుకుంటూ వచ్చినవాళ్ళ కడుపుకోత నేను ఊహించగలను. ఆ బారులనే కోరుకున్నవాళ్ళు చాలామంది ‘కింగ్స్ ఆఫ్ వార్’ వైపు మళ్ళారు. దాన్ని ప్రచురించే మాంటిక్ గేమ్స్ ఉన్నది కూడా గేమ్స్ వర్క్‌షాప్ ఉన్న నాటింగ్‌హామ్‌లోనే. నియమాలు రాసిన అలెసియో కావతోరే ఒకప్పుడు గేమ్స్ వర్క్‌షాప్‌లో పనిచేసినవాడే. ‘వన్ పేజ్ రూల్స్’ వంటివాళ్ళు ప్రాథమిక నియమాలను ఉచితంగానే ఇస్తున్నారు. చివరికి 2024 జనవరిలో గేమ్స్ వర్క్‌షాప్ కూడా ‘ది ఓల్డ్ వరల్డ్’ పేరుతో చదరపు పీఠాలను మళ్ళీ తెచ్చింది.

ఈ తొమ్మిదేళ్ళ గందరగోళం వల్ల దూరాన ఉన్న మనలాంటివాళ్ళకు పెద్ద మేలు జరిగింది. నియమాలు ఒకరివి, బొమ్మలు మరొకరివి అయినా ఆట సాగుతుందని అందరికీ అలవాటయింది. ఊళ్ళో ఆ కంపెనీ దుకాణం లేకపోయినా సైన్యం కట్టవచ్చు.

నేను ‘కింగ్స్ ఆఫ్ వార్’ ఎంచుకున్నాను. అందులో దెబ్బ తగిలినప్పుడల్లా బొమ్మలను ఒక్కొక్కటిగా తీసేయనక్కరలేదు. దళమంతా ఒకే ముద్ద. నష్టాన్ని పక్కన లెక్క వేసుకుంటూ, ధైర్య పరీక్షలో ఓడినప్పుడు దళాన్ని మొత్తంగా ఎత్తేస్తారు. అంటే 20 మంది కాలిబంటులను ఒకే పలక మీద శాశ్వతంగా అతికించేయవచ్చు. 20 మిల్లీమీటర్ల పీఠాలున్న బొమ్మలైతే పలక కొలత 100 బై 80 మిల్లీమీటర్లు. ఆ పలకను ఒక దృశ్యంగా మలుచుకునే స్వేచ్ఛ నాకు నచ్చింది. సైన్యం ఏదో ఎప్పుడో నిశ్చయమైపోయింది: మృతసేన. చిన్నప్పటి నుంచి బేతాళుడి కథలు విని పెరిగిన మనిషిని, మరేం ఎంచుకుంటాను? ఉద్యోగరీత్యా జమాఖర్చులు చూసేదాన్ని కాబట్టి దళాల పాయింట్లు వెయ్యికి సరిపెట్టే పని సరదాగా గడిచింది.

బొమ్మల దగ్గరికి వద్దాం. ఇంగ్లండు నుంచి పెట్టె తెప్పిస్తే ఎంతవుతుందో లెక్క వేశాను. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. రవాణా ఖర్చు వేరే. పెద్దలు గంటల తరబడి అతికించి రంగులు వేసుకునే ఈ కిట్లు కూడా ఆటబొమ్మల పద్దులోకే వెళ్ళే అవకాశం ఉంది. ఆ లెక్క చూశాక మధురవాడలో ఉంటున్న మా అన్నయ్య కొడుకుకు ఫోను చేశాను. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడి దగ్గర ద్రవాన్ని గట్టిపరిచి బొమ్మలు ముద్రించే రెసిన్ ప్రింటర్ ఉంది.

“అత్తా, సైన్యమంతా ముద్రిద్దాం. కానీ నాకు ఓర్కుల సైన్యం కావాలి. నువ్వు రంగులు వేసిపెట్టాలి” అన్నాడు. ఓర్కులంటే ఈ ఊహాలోకపు మొరటు రాక్షసజాతి. ఆ ఒప్పందంతో ప్రత్యర్థి కూడా దొరికాడు. ఈ ఊళ్ళో బొమ్మల కంటే అరుదైనది ప్రత్యర్థే.

ఫైళ్ళు డబ్బిచ్చి కొన్నాం. కంప్యూటర్ మీద శిల్పం చెక్కి బతికే కళాకారులు ఎందరో ఉన్నారు; సొంతానికి ముద్రించుకోవడానికి ఒక అనుమతి, ముద్రించి అమ్ముకోవడానికి వేరొక అనుమతి ఇస్తారు. ఎవరో పంచిపెట్టిన దొంగ ఫైళ్ళతో సైన్యం కట్టడం నాకు సమ్మతం కాదు. దిగుమతి సుంకం మిగిలినప్పుడు, చెక్కిన మనిషికి ఇవ్వాల్సింది ఇవ్వడానికి మనసు రావాలి.

రెసిన్ ప్రింటర్‌లో తొట్టి అడుగు నుంచి అతినీలలోహిత కాంతి పడి ద్రవం పొర తరువాత పొరగా గట్టిపడుతుంది. పొర మందం 0.05 మిల్లీమీటర్లు పెట్టాం. అంటే నిటారుగా ముద్రించిన 28 మిల్లీమీటర్ల బొమ్మకు 560 పొరలు. పొరంతా ఒకేసారి గట్టిపడుతుంది కాబట్టి ఒక్క బొమ్మ పెట్టినా, ప్రింటరు పలక నిండా పెట్టినా పట్టే సమయం ఒకటే. ఎప్పుడూ పలక నింపే ముద్రించాం. మధ్యలో కరెంటు పోతే పని చెడుతుంది, ఇన్వర్టరు తప్పనిసరి. బయటికి తీసిన బొమ్మలు జిడ్డుగా, ఆధారపు పుల్లల మధ్య వేలాడుతూ వస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, పుల్లలు తుంచి, ఎండలో పెట్టాలి. గట్టిపరచడానికి ప్రత్యేకమైన దీపాలు అమ్ముతారు కానీ మన మేడ మీది ఎండ ఉండగా నాకు వాటి అవసరం కనిపించలేదు. ఎండ మరీ ఎక్కువైతే బొమ్మ పెళుసెక్కి ఈటెలు విరుగుతాయి, అది గమనించుకోవాలి. గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు. చేతి తొడుగులు, మాస్కు లేకుండా, కిటికీలు తెరవకుండా ఆ పని చేయకండి. కడిగిన ద్రవాన్ని సింకులో పోయకండి.

దళాలను అతికించే పలకలు గాజువాక ఆటోనగర్‌లో లేజర్ యంత్రం మీద మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కతో కోయించాను. కొలతలు రాసిన కాగితం ఇస్తే చాలు, అంచులు ఎంతో నాణ్యంగా వచ్చాయి.

అసలు పరీక్ష రంగుల దగ్గర ఎదురైంది. ఆట గురించి చెప్పేవాళ్ళంతా ముందుగా స్ప్రే ప్రైమర్, అంటే రంగు నిలవడానికి వేసే తొలి పూత, కొట్టమంటారు. వాళ్ళలో చాలామంది చలిదేశాల వాళ్ళు. విశాఖ గాలిలోని చెమ్మ వాళ్ళకు తెలియదు. అందుకే ముందు ఒక పనికిరాని బొమ్మ మీద ప్రయత్నించి చూశాను: రంగు పక్కటెముకల మీద గరుకుగా, పొడిపొడిగా దిగింది. దాంతో డబ్బా పక్కన పెట్టి, కుంచెతో పూసే ప్రైమర్ వాడాను. పని ఎక్కువే. కానీ ఎముకల మధ్య సందుల్లోకి కుంచె వెళ్ళినట్టు స్ప్రే వెళ్ళదు. ఆటలో చేతులు తగిలి రంగు చెరగకుండా చివర్లో వేసే మ్యాట్ వార్నిష్‌కూ అదే బాధ. చెమ్మలో స్ప్రే చేస్తే తెల్లటి పొర కమ్మి పడ్డ శ్రమంతా మసకబారుతుంది. అదీ కుంచెతోనే.

ఎముకల రంగు నేను ఇలా సాధించాను. ప్రైమర్ మీద ముదురు గోధుమరంగు. దాని మీద దంతపు రంగును డ్రైబ్రష్ చేయాలి: కుంచెకు రంగు అంటించి, గుడ్డకు తుడిచి తుడిచి, ఇక ఏమీ మిగల్లేదనిపించాక ఎముకల మీద రాయాలి. ఎత్తైన చోట మాత్రమే రంగు పట్టి, కపాలం, మోకాళ్ళు, వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే చీకట్లోంచి పైకి తేలతాయి. ఆపైన వాష్. చారంత పల్చటి ముదురు రంగు ద్రవం తనంతట తానే పళ్ళ సందుల్లోకి, కనుగుంటల్లోకి పారి నీడలు గీస్తుంది. చలిదేశాల్లో అరగంటలో ఆరుతుందనే ఈ వాష్ ఇక్కడ వానాకాలంలో పూట గడిచినా తడిగానే ఉంటుంది. అందుకే రంగుల పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న రోజులు ఎంచుకున్నాను. అయితే చెమ్మ వల్ల మేలు కూడా ఉంది: పళ్ళెంలో కలుపుకున్న రంగు త్వరగా ఎండిపోదు, ఒకే ఛాయను పది బొమ్మలకు తీరుబడిగా వేయవచ్చు. డాళ్ళకు తుప్పు కావాలంటే స్పాంజి ముక్కను గోధుమరంగులో, తరువాత కాషాయంలో అద్ది అంచుల మీద తట్టితే చాలు.

నేలకు ఎర్రమట్టి దిబ్బల రంగు కావాలని పట్టుబట్టాను. భీమిలి దారిలోని ఆ దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం. అక్కడి మట్టి తేకూడదు. ఇంటి పనికి తెచ్చిన ఇసుకను టీ వడకట్టే జల్లెడతో జల్లించి, జిగురుతో పలకలకు అతికించి, ఫోటోలు ముందు పెట్టుకుని ఆ ఎరుపు కలిపాను. ఒక దళం పలక మధ్యలో ఎండు వేళ్ళతో మర్రిచెట్టు నిలబెట్టి, కొమ్మకు తలకిందులుగా బేతాళుణ్ణి వేలాడదీశాను. చెట్టు తీసుకున్న చోటుకు నాలుగు అస్థిపంజరాలు తగ్గినా నియమం ఒప్పుకుంటుంది. నా సైన్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పలక అదే.

బల్ల మీదికి ఒక బురుజు కావాలి. ఏటికొప్పాక వెళ్ళాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు ఎక్కించి బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఓ పెద్దాయనకు పాడుబడ్డ బురుజు చిత్రం చూపించి, రంగు లేకుండా ఒట్టి కర్రతో చేసివ్వమని అడిగాను. ఆయన చిత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“చేస్తానమ్మా. కానీ లక్క లేకుండా ఎలా ఇవ్వను? అది మా బొమ్మ అనిపించుకోదు” అన్నారు.

ఆయన మాటే నెగ్గింది. తిరిగే కర్రకు లక్క పుల్ల ఆనించగానే వేడికి కరిగి ముదురు ఎరుపు చుట్టూ పాకింది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలింది. ఆ బురుజుకు నేను రంగు వేయలేదు, వేయను. మా ఆటల్లో గెలుచుకోవాల్సిన స్థావరం ఎప్పుడూ అదే.

ప్లైవుడ్ షీటును ఆరడుగులకు కోయించి, ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు హాల్లో రెండు బల్లల మీద పరిచాం. ఆరు దఫాల ఆట. ఒకరి వంతులో వాళ్ళే నడిపి, వాళ్ళే కొట్టి, వాళ్ళే పాచికలు వేస్తారు కాబట్టి రెండోవాళ్ళు ఊపిరి బిగబట్టి చూడడమే. నా అస్థిపంజరాలు పరుగెత్తలేవు. కానీ భయం ఎరగవు. మిగతా సైన్యాలు తడబడే చోట అవి తడబడవు. నాలుగో దఫాలో ఓర్కులు బేతాళుడి దళాన్ని ఎదురుగా తాకి చాలా నష్టం చేశారు, దళం మాత్రం నిలిచింది. నా వంతు వచ్చాక వెనక ఉన్న మాంత్రికుడి చేత మంత్రం వేయించాను. తగిలిన ప్రతి పాచికకూ ఒక అంగుళం చొప్పున పక్కన ఉన్న మరో దళం నిటారుగా ముందుకు జరిగి ఓర్కుల పార్శ్వానికి తగిలింది. పార్శ్వం నుంచి కొడితే దాడులు రెట్టింపు. నష్టం లెక్కపెట్టాక, ఆ ఓర్కుల దళం పారిపోవాలంటే రెండు పాచికల మీద కలిపి కనీసం ఆరు పడాలి. తొమ్మిది పడింది.

“అత్తా, కోణం కొలిచి చూద్దాం” అన్నాడు మేనల్లుడు. ఇద్దరం వంగి, పలక మూల నుంచి గీత సరిచూశాం. పార్శ్వమే. వాడే ఓర్కుల పలకను ఎత్తి పక్కన పెట్టాడు. అయినా ఆట వాడిదే. ఆఖరి దఫాలో వాడి సైన్యంలోని ట్రోల్స్ అనే భారీ రాక్షసులు బురుజు చేరుకున్నాయి, నా దళాలేవీ అంత దూరం నడవలేకపోయాయి.

అందుకే ఇప్పుడు ఆశ్వికదళం ముద్రిస్తున్నాం. ఎముకల గుర్రాల కాళ్ళు మరీ సన్నం, ఆధారాలు తుంచేటప్పుడే విరుగుతున్నాయి. ఫైలులో కాళ్ళ మందం కాస్త పెంచి మళ్ళీ ముద్రించమన్నాను. హాల్లో బల్ల వేసిన రోజున చూడటానికి వచ్చిన పొరుగింటి అమ్మాయి తనకు మరుగుజ్జుల సైన్యం కావాలంటోంది. ఆమె కోసం పలకల కొలతలు ఆటోనగర్‌కు పంపించాను.