ట్రక్కులో మిర్చి టిక్కీలు: బరువు ఎక్కడ పడాలి

గుంటూరు యార్డుకు ట్రాక్టర్ వెనక తగిలించే రెండు చక్రాల ట్రక్కులో (ట్రైలర్‌లో) టిక్కీలు, అంటే మిర్చి నింపిన గోతాలు, వేసేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టకండి. బరువు ఇరుసుకి వెనక్కి పోతే ట్రక్కుని ట్రాక్టర్‌కి కలిపే హుక్కు పైకి లేస్తుంది. ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు పోయి, కాలవ గట్టు ఎక్కేటప్పుడు ఉన్నచోటే తిరుగుతాయి. అలాగని అంతా ముందుకే నెడితే ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. ఇరుసుకి కాస్త ముందుకు మొగ్గితే చాలు.

మిర్చికి బరువుకన్నా ఎత్తుతోనే తంటా. ఇటుక కట్టుబడిలా, కింది రెండు టిక్కీల అతుకు మీద పైది పడేలా పేర్చాలి. మోకు ఒరుసుకునే అంచుల్లో ఖాళీ గోతాం మడిచి పెట్టండి. లేదంటే కాయ చితికి గింజ రాలుతుంది, రేటు తగ్గేది అక్కడే. రెండు కిలోమీటర్లు పోయాక ఆగి మోకు మళ్లీ లాగాలి. కుదుపులకు టిక్కీలు సర్దుకుని వదులవుతుంది. హుక్కు పిన్నుకి క్లిప్పు బదులు తీగ చుట్టే అలవాటు మాత్రం మానండి.