షుగర్ ఉన్నవాళ్ల చెవిపోటు: చుక్కలు మార్చుకుంటూ పోవద్దు

తిరుమలలో గుండు చేయించుకుని, పుష్కరిణిలో మునిగి కిందికి దిగినాక చెవి దురదపెడితే కంగారు అక్కర్లేదు. చాలామందికి అది పైపై బూజే. తడిసిన పేపరు ముక్కలా తెల్లటి పొర, మధ్యలో నల్లచుక్కలు. ఈఎన్‌టీ డాక్టరు దాన్ని పీల్చి తీసేసి క్లోట్రిమజోల్ చుక్కలు రాస్తే రెండు మూడు వారాల్లో పోతుంది.

షుగర్ అదుపులో లేని పెద్దవాళ్లు, కీమో నడుస్తున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ల సంగతి వేరు. వీళ్లలో ఇన్‌ఫెక్షన్ చర్మం దాటి ఎముకలోకి దిగగలదు. ఎక్కువసార్లు కారణం సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, కొందరిలో ఆస్పర్‌జిల్లస్, కాండిడా అనే బూజులు. చెవిలో కనిపించేదానికీ నొప్పికీ పొంతనే ఉండదు. రాత్రయితే నిద్ర పట్టదు, ముద్ద నమిలితే దవడ లాగేస్తుంది. జ్వరం లేదని ధీమా పడకూడదు, చాలామందికి రాదు. మూతి వంకర పోయిందంటే ముఖనరం దాకా వచ్చినట్టే. మింగడం కష్టమై గొంతు బొంగురుపోతే పుర్రె అడుగుకు పాకిందేమోనని చూడాలి. వెల్లుల్లి కాచిన నూనె, పిన్నీసు, నీళ్లు కొట్టి గుబిలి తీయించడం, ఇవేవీ వీళ్ల చెవి దగ్గరికి రానీయొద్దు.

ఆలస్యమంతా పరీక్ష దగ్గరే. దూదిపుల్లతో తీసిన చీములో సూడోమోనాస్ పెరుగుతుంది, లేదా ఏమీ పెరగదు. బ్యాక్టీరియాను చంపే సిప్రోఫ్లాక్సాసిన్ వారాల తరబడి నడుస్తుంది, బూజు మాత్రం ఎముకలో తన పని తాను చేసుకుపోతుంది. చెవి రంధ్రంలో అడుగున పెరిగిన ఎర్రటి కండ నుంచి ముక్క తీయాలి. అందులో కొంత ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రావణం) బయాప్సీకి వెళ్లాలి, క్యాన్సర్ కాదని తేలాలి కదా. మిగతాది ఉత్త సెలైన్‌లో కెఓహెచ్ పరీక్షకూ (మైక్రోస్కోపులో బూజు కోసం చూసేది) ఫంగల్ కల్చర్‌కూ (ల్యాబులో బూజును పెంచి చూసేది). మొత్తం ఫార్మలిన్‌లో వేశారో, బూజు చచ్చిపోయి కల్చర్ ఇక రాదు. తిరుపతిలో రుయా ఆసుపత్రికి వెళ్లినా, స్విమ్స్‌కు వెళ్లినా ముక్క తీసేముందే ఈ మాట అడగండి. పాత రిపోర్టులు, సీటీ స్కాన్, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు చూపే రక్తపరీక్ష) వెంట ఉంచుకోండి.

ఆస్పర్‌జిల్లస్ అని తేలితే సాధారణంగా బూజును చంపే వోరికొనజోల్ ఇస్తారు. సెలైన్‌లో కలిపి నరంలోకి మొదటి రోజు కిలో బరువుకు 6 మిల్లీగ్రాముల చొప్పున రెండుసార్లు, తర్వాత రోజూ 4 మిల్లీగ్రాముల చొప్పున రెండుసార్లు. మాత్రలకు మారాక మామూలుగా 200 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిండికి గంట ముందో గంట తర్వాతో. నొప్పి ముందే తగ్గుతుంది, ఎముక మానడానికి నెలలు పడుతుంది. అక్కడే చాలామంది ఆపేస్తారు. లివర్ పరీక్షలు మానకూడదు. మన ఎండలో ఈ మందుతో చర్మం కమిలిపోతుంది, గొడుగు తప్పదు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కిడ్నీ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లకైతే దాని డోసు మూడో వంతుకు తగ్గించి, రక్తంలో లెవల్ చూస్తూ ఉండాలి. కిడ్నీ డాక్టరుకు చెప్పకుండా మొదటి మాత్ర కూడా వేయకండి.